శ్యామాకము: ఊదలా, చామలా?

శ్యామాక శబ్దమునకు తెలుగున "చామలు" అని అర్థము చెప్పుట వాడుకలో నున్నది. చామ, సామ అను రూపములు ఆ సంస్కృతపదమునకు వికృతులుగా ఎన్నబడుచుండుటచే ఈ అర్థము సహజముగనే తోచును. కాని శబ్దసామ్యమొక్కటే చూచి ధాన్యమును నిర్ణయించుట తగదు. పథ్యము చెప్పు గ్రంథములయం దిది మరింత ముఖ్యము.

హిందీలో అదే పదమునుండి వచ్చిన సావా, సమా అను పేర్లు ఊదలకు చెల్లుచున్నవి. చామలను అచ్చట కుట్కీ యందురు. తమిళమున సామై, కన్నడమున సామె అనునవి మన చామలనే తెలుపును. ఊదలకు తమిళులు కుదిరైవాలి యని వేరుపేరు పెట్టుకొనిరి. ఆధునికులు శ్యామాకమును ఎకినోక్లోవా ఫ్రుమెంటేసియాగా, అనగా ఊదగా, గుర్తించుటయే ఎక్కువ. చామలు పానికం సుమత్రెన్స్. చేలో నీ రెండింటిని పోల్చుట కష్టము కాదు. చామ వెన్ను విడివడి వంగియుండును; ఊద వెన్ను దట్టము. ఆకు తొడుగుతో కలియుచోట నుండు పలుచని పొర ఊదకు లేదు. వరిచేలలో కలుపుగా మొలచు ఊదగడ్డి దీని జ్ఞాతియే.

యజుర్వేదమందలి చమకము ధాన్యముల వరుసలో శ్యామాకమును పేర్కొన్నది. ఛాందోగ్యము ఆత్మ యొక్క సూక్ష్మతకు దాని గింజను పోలికగా తెచ్చినది. శాకుంతలము నాలుగవ అంకమున శకుంతల జింకపిల్లను పెంచినది పిడికెడేసి శ్యామాకములతోనే.

చరకుడు దీనిని కషాయమధురముగా, లఘువుగా, శీతముగా, కఫపిత్తహరముగా చెప్పి, వాతకరమనియు, గ్రాహి యనియు, శోషణ మనియు కూడ చెప్పెను. నేటి చిరుధాన్య ప్రచారమున మొదటి గుణములే వినబడుచున్నవి; వాతకరమన్న మాట జారిపోవుచున్నది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి పాతపట్టికల ననుసరించి 100 గ్రాముల ఊదలలో మాంసకృత్తులు సుమారు 6 గ్రాములు, పీచు సుమారు 10 గ్రాములు. గోధుమజిగురు లేనందున అది సరిపడనివారికి ఇది ఆహారమగును. మిల్లులో ఎక్కువగా పాలిష్ పట్టినచో పీచు చాలవరకు తవుడుతో పోవును.

ఉత్తరదేశమున ఉపవాసదినములందు వరియన్నమునకు బదులు సమాబియ్యమునే వండుదురు. గఢ్వాలులో దీనికి ఝంగోరా యని పేరు. పాలలో ఉడికించి పాయసము చేయుదురు. మనవారు అన్నముగా వండవలెనన్న అరగంట నానబెట్టి, కొలతకు రెండున్నర కొలతల నీరు పోసి, సన్నని సెగపై ఉడికించినచో పొడిగా వచ్చును. మినపపప్పుతో కలిపి రుబ్బిన పిండి దోసెలకు బాగుండును. చరకుడు చెప్పిన వాతదోషము నెంచువారు నేయి, మిరియములు చేర్చిన పొంగలిగా తినుట యుక్తము.