కంప్యూటర్లో మన ఇంటి గ్రంథాలయం: సర్దుకోవడం, కాపాడుకోవడం

గల్ఫ్‌లో కాపురం అంటే కిలోల లెక్క. సెలవులకు ఊరెళ్ళి తిరిగొచ్చేటప్పుడు పచ్చళ్ళు, పొడులు, పిల్లల బట్టలు, బంధువులకు ఎవరో పంపిన మిఠాయి పొట్లాలు పోగా పెట్టెలో పుస్తకాలకు మిగిలే చోటు ఎంతో మీకూ తెలుసు. అందుకే మనలో చాలామందికి పుస్తకాలు ఇప్పుడు కంప్యూటర్లోకి, ఫోన్లోకి మారిపోయాయి. ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత కథల పీడీఎఫ్, పిల్లల కోసం దింపుకున్న బొమ్మల పుస్తకాలు, పండగ పూట చదువుకునే వ్రతకథలు, ఆవకాయ కొలతల ఫోటో... అన్నీ ఉంటాయి. కావలసిన రోజున మాత్రం ఒక్కటీ దొరకదు!

నేను బీఎస్సీ చదివాను కానీ కంప్యూటర్ ఉద్యోగం చేసినదాన్ని కాదు. కువైట్ వచ్చాక, పిల్లలు బడికి వెళ్ళిన వేళల్లో కూర్చుని ఈ పని నేర్చుకున్నాను. ఇంట్లో వంట సామాను సర్దుకోవడం వచ్చినవాళ్ళకి ఇది రాకపోవడం అంటూ ఉండదు. ఎలా చేయాలో వరసగా చెబుతాను.

దాచడం వేరు, దొరకడం వేరు

మాది రాజంపేట దగ్గర. పక్కనే తాళ్ళపాక, అన్నమయ్య పుట్టిన ఊరు. ఆయన సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరిచారు. రాగిరేకు కంటే గట్టి వస్తువు ఏముంటుంది? అయినా శతాబ్దాలపాటు అవి అక్కడే మరుగున పడి, 1922లో గానీ మళ్ళీ వెలుగు చూడలేదు. వస్తువు చెడిపోలేదు. అది ఉందన్న సంగతే జనం మరిచిపోయారు.

మన డౌన్‌లోడ్స్ ఫోల్డరు కూడా చిన్నపాటి భాండాగారమే. అందులో "స్కాన్0047" అన్న పేరుతో ఉన్నది ఏ పుస్తకమో తెరిచి చూస్తే తప్ప తెలియదు. కాబట్టి మొదటి పని పుస్తకాలు పోగుచేయడం కాదు, ఉన్నవాటికి పేర్లు పెట్టడం.

కాలిబర్: ఉచితంగా దొరికే లైబ్రేరియన్

ఈ పనికి నేను వాడేది కాలిబర్ అనే ప్రోగ్రామ్. దీన్ని 2006లో మొదలుపెట్టినది కోవిద్ గోయల్. డబ్బు కట్టక్కర్లేదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. దాని సొంత సైటు నుంచే దింపుకోండి, వేరే చోట దొరికేవి వద్దు.

మొదటిసారి తెరిచినప్పుడు "లైబ్రరీ ఎక్కడ పెట్టమంటారు?" అని అడుగుతుంది. ఒక కొత్త ఖాళీ ఫోల్డరు చూపించండి. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటివి తమంతట తాము సరిచూసుకునే ఫోల్డర్లో పెట్టకండి. కాలిబర్ రాస్తూ ఉండగానే ఆ ప్రోగ్రామ్ కూడా చెయ్యి పెడితే జాబితా పాడయ్యే ప్రమాదం ఉంది.

తరవాత "ఆడ్ బుక్స్" నొక్కి పుస్తకాలు చేర్చండి. కాలిబర్ ప్రతి పుస్తకానికీ ఒక నకలు తీసి తన ఫోల్డర్లో పెట్టుకుంటుంది. రచయిత పేరుతో ఒక ఫోల్డరు, దాని లోపల పుస్తకం పేరుతో మరొకటి. ఆ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తే కంగారు పడకండి, కాలిబర్ తెరపై తెలుగు తెలుగులాగే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: ఆ ఫోల్డర్లలోకి వెళ్ళి మన చేత్తో పేర్లు మార్చకూడదు. ఏ మార్పు అయినా కాలిబర్ లోపలినుంచే చేయాలి. ఏ పుస్తకం ఎక్కడ ఉందన్న లెక్క మొత్తం "మెటాడేటా.డీబీ" అనే ఒక్క ఫైల్లో ఉంటుంది. మనం చేత్తో కదిపితే ఆ లెక్క తప్పుతుంది.

ఇంటిపేరు చిక్కు

"ఎడిట్ మెటాడేటా"లో పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, భాష నింపాలి. ఇక్కడ మన తెలుగువాళ్ళకు ఒక తమాషా చిక్కు వస్తుంది. పాశ్చాత్యులకు ఇంటిపేరు చివర ఉంటుంది కాబట్టి, కాలిబర్ చివరి మాటను ముందుకు తెచ్చి అక్షరక్రమం వేస్తుంది. అంటే గురజాడ అప్పారావుని "అప్పారావు, గురజాడ" చేసేస్తుంది! భండారు అచ్చమాంబ "అచ్చమాంబ, భండారు" అవుతుంది. మనకు ఇంటిపేరు ముందే ఉంది కదా.

దీనికి మందు ఉంది. ప్రిఫరెన్సెస్‌లో "ట్వీక్స్" అన్న చోట రచయిత పేరు వరసకు సంబంధించిన అమరిక కనిపిస్తుంది. అందులో ఉన్న మాట తీసి "కాపీ" అని పెడితే ఆ తరవాత చేర్చే పేర్లు రాసినవి రాసినట్టే ఉంటాయి. పుస్తకాలు చేర్చక ముందే ఇది మార్చుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. అలాగే ఒకే రచయిత పేరును ఒకే రకంగా రాయాలి. ఒకచోట "కొ.కు.", ఇంకోచోట "కొడవటిగంటి కుటుంబరావు" అని రాస్తే ఆయన ఇద్దరు మనుషులవుతారు.

ట్యాగులు మాత్రం మీ ఇంటి అవసరాన్ని బట్టి పెట్టుకోండి. మా ఇంట్లో ఉన్నవి ఇవి: కథలు, నవలలు, వంట, పూజ, పిల్లలకు, ఇంటివి. పదికి మించితే ఏ ట్యాగు పెట్టామో మనకే గుర్తుండదు.

ఇంకో సౌకర్యం చాలామందికి తెలియదు. ఫైలు లేకపోయినా "ఆడ్ ఎంప్టీ బుక్" అని పుస్తకం పేరు ఎక్కించుకోవచ్చు. ఊళ్ళో అమ్మ బీరువాలో ఉన్న అచ్చు పుస్తకాలు, ఏదో ఆప్‌లో కొని అక్కడే చదవవలసినవి అన్నీ ఇలా రాసుకున్నాను. "ఎక్కడుంది" అని ఒక కొత్త గడి చేర్చుకుని అందులో "రాజంపేట, పెద్ద బీరువా" అని రాసుకుంటే సెలవుల్లో వెతుకులాట ఉండదు.

తెలుగు పుస్తకాలు ఎక్కడ, ఏవి?

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఎన్నో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. అవి పేజీల ఫోటోలు. అందుకని అక్షరం పెద్దది చేసుకోవడం కుదరదు, ఫైలు కూడా బరువుగా ఉంటుంది. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు టైపు చేసి సరిదిద్దిన పుస్తకాలుంటాయి. వాటిని ఈపబ్‌గా దింపుకుంటే ఫోన్లో అక్షరం మన కంటికి తగ్గట్టు పెరుగుతుంది. రెండూ దొరికితే ఈపబ్‌కే నా ఓటు. స్కాన్ పీడీఎఫ్‌ను కాలిబర్‌లో ఈపబ్‌గా మార్చినా అక్షరాలు రావు, బొమ్మలే వస్తాయి. అనూ ఫాంట్లతో తయారైన పాత పీడీఎఫ్‌లను మారిస్తే చదవలేని గజిబిజి వస్తుంది. వాటిని ఉన్నట్టే ఉంచండి.

హక్కుల సంగతీ చూసుకోవాలి. మన దేశంలో రచయిత పోయిన తరవాత 60 ఏళ్ళదాకా హక్కులు వారసులవి. 1905లో పోయిన అచ్చమాంబ, 1915లో పోయిన గురజాడ, 1946లో పోయిన చిలకమర్తి లక్ష్మీనరసింహం రచనలు అందరివీ. 1979లో పోయిన చలం పుస్తకాలకు 2039 చివరిదాకా గడువుంది. బతికున్న రచయితల పుస్తకాలైతే కొనే చదువుదాం. మన భాషలో రాసేవాళ్ళకు వచ్చేదే అంతంత మాత్రం.

ఎక్కడా దొరకనివి ముందు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గ్రంథాలయంలో పుస్తకాలన్నీ ఒకటి కావు. గురజాడ పుస్తకం పోతే మళ్ళీ దింపుకుంటాం. మా అవ్వ రాసుకున్న మంగళహారతుల నోటుబుక్కు పోతే ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు.

నూటపాతిక పేజీల రూల్డు పుస్తకం అది. పెళ్ళిళ్ళలో, నోముల్లో పాడే పాటలు, మధ్యమధ్యలో చీటీపాట లెక్కలు, ఒక పేజీలో మా నాన్నకు జ్వరం వచ్చినప్పుడు ఇచ్చిన కషాయం. గోధుమరంగుకు తిరిగిన కాగితం మడత దగ్గర విరిగిపోతోంది. పోయిన సెలవుల్లో కిటికీ పక్కన పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్లోని స్కానింగ్ ఆప్‌తో పేజీ పేజీ తీశాను. లెక్కల పేజీలు కూడా వదల్లేదు. అవి కూడా ఆమెవే కదా. అన్నీ కలిపి ఒక పీడీఎఫ్ చేసి, రచయిత గడిలో అవ్వ పేరు రాశాను. మా ఇంట్లో రచయితల వరసలో ఆమె పేరు అలా ఎక్కింది.

మీ ఇంట్లోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. నాన్నగారి ఉత్తరాలు, అత్తగారి వంట పుస్తకం, మేనత్త పాటల కాగితాలు. ఏదైనా సరే, ముందు వాటిని ఎక్కించండి. బ్యాకప్ కూడా ముందు వాటికే.

సాల్మియాలో ఉండే నా స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లో డిస్కు ఒకరోజు ఉన్నట్టుండి తెరుచుకోవడం మానేసింది. షాపువాళ్ళు వారం ఉంచుకుని ఏమీ రాదన్నారు. సినిమాలు, పుస్తకాలు పోయినందుకు ఆమె బాధపడలేదు. పోయిన వాళ్ళ అమ్మ చేతిరాత ఫోటోలు అందులోనే ఉన్నాయి. ఆ ఉత్తరాల కాగితాలు అంతకుముందే చెదలకు పోయాయి.

ఒక్క ప్రతిని నమ్మకూడదు

కడపలో సి.పి. బ్రౌన్ పేరిట ఉన్న గ్రంథాలయం మీలో కొందరు చూసే ఉంటారు. 1820లో కడపకు వచ్చిన ఆ దొర వేమన పద్యాల ప్రతులను ఎన్నో సేకరించి, పండితులను పెట్టి ఒకదానితో ఒకటి పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించాడు. తాటాకు పుస్తకం మనదాకా వచ్చిందంటే ఎవరో దానికి నకలు తీశారు కాబట్టే. ఈ రోజు మనం బ్యాకప్ అంటున్నది ఆ పాత పనినే.

దీనికి ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ చెప్పిన సులువైన సూత్రం ఉంది: 3-2-1. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్ళో. మా ఇంట్లో ఇలా అమర్చాం:

1. ల్యాప్‌టాప్‌లో ఉన్న అసలు లైబ్రరీ.
2. దానికి నకలుగా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు. నెలకోసారి, శుక్రవారం. కాలిబర్ మూసేసి, లైబ్రరీ ఫోల్డరు మొత్తాన్ని తేదీ వేసిన కొత్త ఫోల్డర్లోకి కాపీ చేస్తాను. పాత నకళ్ళు రెండు ఉంచుతాను.
3. మూడోది క్లౌడ్‌లో. గూగుల్ ఖాతాకు ఉచితంగా వచ్చే 15 జీబీలో బరువైన స్కాన్లన్నీ పట్టవు కాబట్టి "ఇంటివి" అన్న ట్యాగు ఉన్నవి మాత్రమే. వాటినే ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి రాజంపేటలో మా తమ్ముడికి కూడా ఇచ్చాను.

వేరే ఊళ్ళో ఎందుకంటారా? 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చి పడినప్పుడు ఈ దేశపు జాతీయ మ్యూజియం, గ్రంథాలయాలు దోపిడీకి గురయ్యాయి. లక్షమందికి పైగా భారతీయులు చేతికందింది పట్టుకుని, జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేరారు. 2000 ఆగస్టులో హైదరాబాదు వరదల్లో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్ళు చేరి విలువైన పుస్తకాలు తడిసిపోయాయి. ప్రమాదం వచ్చినప్పుడు ఒకే ఇంట్లో ఉన్న మూడు ప్రతులూ ఒకేసారి పోతాయి.

ఇంకో మాట. క్లౌడ్‌తో సింక్ చేయడం, బ్యాకప్ చేయడం ఒకటి కాదు. సింక్ ఉన్నచోట పిల్లలు ఇక్కడ ఒక ఫైలు చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. తేదీ వేసిన నకలు అలా పోదు.

హార్డ్ డిస్కును కార్లో మాత్రం మరిచిపోకండి. 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదయ్యాయి. నీడలోనే అంతుంటే ఎండలో మూసిన కారు లోపల ఎంతుంటుందో ఊహించుకోండి. దుమ్ము తుఫానుల కాలం కూడా ఉంది కాబట్టి మూతపడే డబ్బాలో, అలమారలో పెట్టుకోవడం మేలు. పెన్‌డ్రైవ్‌ను ఏళ్ళ తరబడి వదిలేయకండి. ఊరెళ్ళినప్పుడల్లా తెరిచి చూసి, కొత్తగా రాయండి.

తిరిగి తెరిచి చూడండి

సైన్సు చదివినప్పుడు ల్యాబులో మాకు చెప్పిన పాఠం: ప్రయోగం చేసి చూడనిదే ఫలితం రాయకూడదు. బ్యాకప్ కూడా అంతే. డిస్కులో ఫోల్డరు కనిపించినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు.

ఆ నకలును వేరే కంప్యూటర్లోకి తెచ్చి, అందులో కాలిబర్ వేసి, "స్విచ్/క్రియేట్ లైబ్రరీ"లో ఆ ఫోల్డరు చూపించండి. పుస్తకాల సంఖ్య సరిపోయిందా? ట్యాగులు ఉన్నాయా? ఏవైనా ఐదు పుస్తకాలు తెరిచి చివరి పేజీదాకా వెళ్ళండి. మేము ఏడాదికి రెండుసార్లు ఇలా చేస్తాం. ఆ ఐదింటిలో అవ్వ పుస్తకం తప్పకుండా ఉంటుంది. మా అమ్మాయి ఒక్కో పేజీ కూడబలుక్కుంటూ చదువుతుంది. "కషాయంలో వాము ఎందుకు?" అని మొన్న అడిగింది. నాకు తెలియక మా నాన్నకు ఫోన్ చేస్తే, ఆయన గంటసేపు వాళ్ళ అమ్మ గురించి చెప్పారు.

జాబితా ఎప్పుడైనా పాడైనా భయం లేదు. కాలిబర్ ప్రతి పుస్తకం పక్కనా దాని వివరాలను ఒక చిన్న ఫైల్లో రాసి ఉంచుతుంది. "లైబ్రరీ మెయింటెనెన్స్"లో "రిస్టోర్ డేటాబేస్" నొక్కితే వాటినుంచి జాబితాను మళ్ళీ కట్టుకుంటుంది. కంప్యూటర్ మారుస్తున్నప్పుడు అమరికలతో సహా అన్నీ తీసుకెళ్ళాలంటే "ఎక్స్‌పోర్ట్/ఇంపోర్ట్ ఆల్ కాలిబర్ డేటా" ఉంది.

ఇంట్లోవాళ్ళకు ఈ సంగతులు తెలియడం కూడా బ్యాకప్‌లో భాగమే. ఏ డిస్కు ఎక్కడుంది, ఎలా తెరవాలి అన్నది ఒక కాగితం మీద తెలుగులో రాసి అలమార తలుపు లోపల అంటించాను. మావారికీ పిల్లలకీ చూపించాను.

ఒకేసారి అంతా చేయాలని కూర్చోకండి, విసుగొస్తుంది. ఈ శుక్రవారం కాలిబర్ వేసుకుని ఇరవై పుస్తకాలు చేర్చండి. వచ్చే వారం పేర్లు సరిదిద్దండి. ఆ పై వారం మొదటి నకలు తీయండి. ఈసారి ఊరెళ్ళినప్పుడు అటక మీదో, బీరువా అడుగునో ఉన్న ఆ నోటుబుక్కు ఎక్కడుందో అమ్మను అడగండి. రాసినవాళ్ళు ఉండగానే అడిగితే ఇంకా మంచిది. చదవలేని అక్షరాన్ని వాళ్ళే చదివి చెబుతారు.