మార్కు మింగేసిన మాట

పేపర్లు దిద్దేటప్పుడు మార్కు వేసి ఊరుకోవాలా, కింద నాలుగు మాటలు కూడా రాయాలా అని ఒక టీచరుగారు అడిగారు. రెండూ చేస్తే రెట్టింపు మేలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 1988లో ఇజ్రాయెల్ పరిశోధకురాలు రూత్ బట్లర్ చేసిన ప్రయోగం ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది.

ఐదు, ఆరు తరగతుల పిల్లల్లో కొందరికి మార్కులే ఇచ్చారామె, కొందరికి వ్యాఖ్యలే, మిగిలినవాళ్లకు రెండూ. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు ఆసక్తిలోనూ పనిలోనూ ముందుకెళ్లారు. రెండూ అందినవాళ్లకు ఆ మేలు దక్కలేదు. పక్కనున్న అంకె వ్యాఖ్యను మింగేసింది!

ఎలా మింగుతుంది? నన్ను కట్టిపడేసేది ఇదే. తప్పొప్పులు చెబితే చాలు, పని బాగుపడుతుందని మనస్తత్వవేత్త థార్న్‌డైక్ కాలం నుంచీ ఆ రంగంవాళ్లు దశాబ్దాలపాటు ధీమాగా ఉన్నారు. 1996లో అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డెనిసీ పాత ప్రయోగాలెన్నో కుప్పపోసి, 600కు పైగా ఫలితాలను లెక్కగట్టారు. సగటున మేలే జరిగింది కానీ, మూడో వంతుకు మించినచోట్ల పని మునుపటికంటే చెడింది. మనసు ఎటు మళ్లిందన్నదే కీలకమని వారి వివరణ. ‘ఈ మెట్టులో గుర్తు మారింది’ అంటే పిల్లవాడి చూపు లెక్క మీదే ఉంటుంది. 12/25 అని చూడగానే ‘నేనింతేనా?’ అన్న ప్రశ్న లేస్తుంది, లెక్క మరుగున పడుతుంది. ‘నువ్వు తెలివైనవాడివి’ అన్న మెచ్చుకోలూ చూపును అటే లాగుతుంది.

టీచరుతో పిల్లల అనుబంధం పనిచేసేదీ ఇక్కడే. తల్లి అండ ఉందన్న ధైర్యమున్న బిడ్డే కొత్తచోట కలియతిరుగుతుందని మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ గమనించారు. తరగతిలో ఆ అండ టీచరు. 2014లో డేవిడ్ యేగర్ బృందం ప్రచురించిన అమెరికా ప్రయోగంలో, ఏడో తరగతి పిల్లల వ్యాసాలను టీచర్లు దిద్దాక, వాటికి టీచరు మాటగా ఒక చీటీ జతచేశారు. కొన్నిటి మీద, నీ మీద నాకు పెద్ద అంచనాలున్నాయి, అందుకోగలవని తెలుసు అన్న అర్థంతో ఒక వాక్యం. మిగతావాటిమీద మామూలు మాట. నల్లజాతి విద్యార్థుల్లో వ్యాసాన్ని తిరగరాసినవాళ్లు మామూలు మాట అందినచోట 17 శాతం, ఆ వాక్యం అందినచోట 72 శాతం. బడిని ఎక్కువగా అనుమానించే పిల్లల మీదే ఆ వాక్యం ఎక్కువ పనిచేసింది.

అందుకే టీచరుగారూ, ముందు వ్యాఖ్యలతో పేపరు ఇచ్చేయండి. పిల్లలు దిద్దుకుని తెచ్చాకే మార్కు చెప్పండి.