ఇంట్లో రెండు, బడిలో మూడోది

హైదరాబాద్‌లోని మలక్‌పేట గంజ్‌లో తెలుగు, దక్కనీ ఉర్దూ పక్కపక్కనే వినిపిస్తాయి. 2011 జనగణనలో హైదరాబాద్ జిల్లాలో ఈ రెండింటినీ మాతృభాషగా చెప్పినవారు దాదాపు సమానం, 43 శాతం చొప్పున. ఇక్కడి పిల్లలకు రెండూ ఆటల్లోనే అబ్బుతాయి.

ఇంగ్లిష్ అలా రాదు.

అందుకే దిల్‌సుఖ్‌నగర్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులు. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే తెలుగు మీడియం యువతకు సబ్జెక్టు తెలుసు, ఇంటర్వ్యూలో నోరు పెగలదు. ఇది తెలివి తక్కువై కాదు, మాట్లాడే అవకాశం లేక.

బడి సంగతికొస్తే, తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23లో ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. మంచి ఏర్పాటే. తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లి కూడా పిల్లల పక్కన కూర్చుని పాఠం చెప్పగలదు.