హ్యామ్‌శాట్ ద్వారా అక్షర సందేశాలు

హ్యామ్‌శాట్ (వీఓ-52) అమెచ్యూర్ రేడియో అభిరుచిపరుల కోసం ఇస్రో 2005 మే 5న శ్రీహరికోట నుండి ప్రయోగించిన 42.5 కిలోల ఉపగ్రహం. ఇందులోని ట్రాన్స్‌పాండరు అందిన సంకేతాన్ని చదవదు; 435 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో వచ్చినదానిని 145 మెగాహెర్ట్జ్ ప్రాంతానికి మార్చి తిరిగి పంపేది. అందువలన మాటలు, మోర్స్ సంకేతాలే కాక, కంప్యూటరులో టైపు చేసిన అక్షరాలను ధ్వనిగా మార్చి పంపే పీఎస్‌కే31 వంటి పద్ధతులకూ వీలుండేది.

చిక్కంతా డాప్లర్ ప్రభావంతోనే. పీఎస్‌కే31 సంకేతం వెడల్పు సుమారు 31 హెర్ట్జ్‌లు మాత్రమే. సెకనుకు 7.5 కిలోమీటర్ల వేగంతో సాగే ఉపగ్రహం దగ్గరవుతున్నప్పుడు పౌనఃపున్యం పెరిగి, దూరమవుతున్నప్పుడు తగ్గుతుంది. 435 మెగాహెర్ట్జ్ వద్ద ఈ తేడా 10 కిలోహెర్ట్జ్‌ల వరకు ఉంటుంది. రేడియోను ఎడతెగక సవరించకపోతే తెరపై అర్థంలేని అక్షరాలే మిగులుతాయి. ఈ విషయంలో పాత మోర్సే నయం. స్వరం కొంత మారినా చెవి పోల్చుకోగలదు.

బ్యాటరీ విఫలమై 2014 జూలైలో హ్యామ్‌శాట్ సేవలు ముగిశాయి.