చేతి తిమ్మిరికి ఆపరేషను

రాత్రి రెండింటివేళ మెలకువ వచ్చి, మొద్దుబారిన చేతిని మంచం పక్కకు వేలాడేసి విదిలించుకునే ఇల్లాళ్లు మనలో తక్కువేమీ లేరు. "గాలి చేసిందిలే" అంటారు అత్తగారు. "నరాల బలహీనత, బలం మాత్రలు మింగండి" అంటుంది పక్కింటావిడ. ఆ తిమ్మిరి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం వరకే ఉండి, చిటికెనవేలు మాత్రం హాయిగా ఉన్నదంటే మణికట్టును అనుమానించాలి. దీన్నే డాక్టర్లు కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఇది ఎక్కువ.

మణికట్టు దగ్గర చిన్న ఎముకలు దొన్నెలాగా వంగి ఉంటాయి. దొన్నెకు మూత వేసినట్లు ఒక గట్టి పట్టీ అడ్డంగా బిగిసి ఉంటుంది. ఆ ఇరుకులోంచే వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులూ, వాటితోపాటు మీడియన్ నరమూ వెళ్లాలి. పొద్దున్న తొమ్మిదింటికి బెజవాడ సిటీబస్సు సంగతి మీకు తెలుసుగా! అందరిలోకీ మెత్తనిది నరమే కనుక అదే నలుగుతుంది. కడుపుతో ఉన్నప్పుడూ, ముట్లుడిగే వయసులోనూ, థైరాయిడ్, షుగరు, కీళ్లవాతం ఉన్నవాళ్లకూ లోపల వాపు చేరి ఇరుకు మరింత పెరుగుతుంది. బట్టలు పిండటం, పిండి పిసకటం వంటి పనులు ఉన్న బాధను రెట్టింపు చేస్తాయి.

అందరికీ ఆపరేషను అక్కరలేదు. రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే కొందరికి సర్దుకుంటుంది. కొందరికి మణికట్టులో ఒక ఇంజెక్షనుతో కొన్ని నెలలు ఉపశమనం దొరుకుతుంది. గర్భిణులకు చాలావరకు కాన్పు తరువాత అదే తగ్గిపోతుంది. మెడ ఎముకల వల్లా, షుగరు వల్లా కూడా చేతులు తిమ్మిరెక్కవచ్చు గనుక, నరంలో కరెంటు ఎంత వేగంగా పోతున్నదో చూసే నెర్వ్ కండక్షన్ పరీక్ష చేయిస్తారు.

అయితే ఒక గుర్తు కనిపిస్తే ఆలస్యం చెయ్యకూడదు. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి బొటనవేలి మొదట ఉబ్బెత్తుగా ఉండే కండను చూసుకోండి. ఒకవైపు అది పల్లమైపోయినా, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతున్నా, చేతిలోని గ్లాసు జారిపోతున్నా నరం బాగా దెబ్బతింటున్నదన్న మాట. "పిల్ల పెళ్లి కానివ్వండి, అప్పుడు చూద్దాం" అని ఏళ్లు గడిపేస్తే, తరువాత ఆపరేషను చేసినా ఆ కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. మన ఆడవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడే.

ఇక ఆపరేషను సంగతి. మన సూర్యారావుపేటలో ఏ వీధిలో చూసినా ఆసుపత్రులే గనుక డాక్టరు దొరకడం కష్టం కాదు. పూర్తి మత్తు సాధారణంగా ఇవ్వరు. చేతికి మాత్రమే ఇంజెక్షను. అది చురుక్కుమంటుంది, నిజం. భుజం కింద బి.పి. చూసే పట్టీలాంటిది బిగిస్తే అది కూడా కాస్త ఇబ్బందే. తరువాత నొప్పి తెలియదు, ఏదో లాగుతున్నట్లు ఉంటుందంతే. అరచేతి మొదట చిన్న గాటు పెట్టి, ఆ మూతపట్టీని కోసి వదులు చేస్తారు. దాన్ని మళ్లీ కుట్టరు. ఎడంగానే అతుక్కుని నరానికి చోటిస్తుంది. పైచర్మానికి మాత్రమే కుట్లు. పది, ఇరవై నిమిషాల పని. సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ఆ చేతి గాజులు, ఉంగరాలు ముందే తీసెయ్యాలి, చెయ్యి వాచాక అవి రావు. గాజులు తీయడం మనసొప్పకపోతే రెండో చేతికి వేసుకోండి.

ఇంటికి వచ్చాక మూడు నాలుగు రోజులు చేతిని గుండెకంటే ఎత్తులో, దిండు మీద ఉంచాలి. వేళ్లు మాత్రం మొదటి రోజునుంచే ముడుస్తూ చాపుతూ ఉండాలి, లేకపోతే బిగుసుకుంటాయి. కట్టు తడవకూడదు. కుడిచేతికైతే అన్నం కలుపుకునే వీలుండదు, రెండు వారాలు చెంచాయే గతి. జడ, చీర కుచ్చెళ్లు ఇంకొకరి చేతిమీదుగా జరగాలి. పది, పద్నాలుగు రోజులకు కుట్లు విప్పుతారు.

రాత్రి తిమ్మిరి చాలామందికి మొదటి కొద్ది రోజుల్లోనే పోతుంది, ఏనాడూ లేని నిద్ర పడుతుంది. వేళ్ల మొద్దుతనం మాత్రం వారాలూ నెలలూ తీసుకుంటుంది. పైగా అరచేతి మొదట, గాటుకు రెండువైపులా, కొత్త నొప్పి ఒకటి బయలుదేరుతుంది. చపాతీకర్ర నొక్కినా, నేలకు చెయ్యి ఆనించి లేచినా ప్రాణం విలవిల్లాడుతుంది. "డబ్బు పోసి కొత్తబాధ కొనుక్కున్నాను" అని బెంగపడకండి. చాలామందికి ఇది రెండు మూడు నెలలలో దానంతటదే తగ్గుతుంది. పట్టు పూర్తిగా రావడానికీ అంతకాలం పట్టవచ్చు. కలం పట్టడం, పప్పు తాలింపు వెయ్యడం వంటివి రెండు వారాలకు చేసుకోవచ్చు. నీళ్లబకెట్టు, దుప్పట్లు పిండటం ఆరు వారాలదాకా వద్దు. పెడనలో కలంకారీ అచ్చును చేత్తో గుద్ది అద్దేవాళ్లకు దెబ్బ పడేది సరిగ్గా గాటు చోటే గనుక, వాళ్లు ఇంకా ఎక్కువ కాలం ఆగాలి.

అందుకని ఆవకాయ రోజులకో సంక్రాంతి అరిసెలకో ముందువారం ఆపరేషను పెట్టుకోకండి. వంట ఎవరు చేస్తారో ముందే ఇంట్లో తేల్చుకోండి. మగపిల్లలకు కుక్కరు పెట్టడం నేర్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదు!

పప్పు తింటే చీము పడుతుందని నెలరోజులు చారుమెతుకులతో సరిపెట్టుకునేవాళ్లున్నారు. ఆ భయం అక్కరలేదు. గాయం మానడానికి పప్పూ, గుడ్డూ మేలే. షుగరు ఉన్నవాళ్లు దాన్ని అదుపులో ఉంచుకోవాలి, అసలు పథ్యం అదే. గాయం ఎర్రబడి చీము కారినా, జ్వరం వచ్చినా, వేళ్లు నల్లబడినా, మత్తు దిగాక వేళ్లు అసలు కదలకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా వెళ్లండి.

రెండు చేతులకూ బాధ ఉన్నా ఒక్కసారే చేయించుకోవద్దంటాను. ఎక్కువ బాధ ఉన్న చేతికి ముందు చేయించుకుని, అది గ్లాసెత్తి మంచినీళ్లు తాగే స్థితికి వచ్చాక రెండోదాని మాట చూసుకోవచ్చు.