మీకు తెలుసా? డిలన్ నోట ఎరువు పాటలు

ఎరువు సొమ్ము బరువు చేటని సామెత. బాబ్ డిలన్ దగ్గర మాత్రం అది చెల్లదు. ఈ అమెరికన్ ఫోక్-రాక్ గాయకుడి పాటలను లోకమంతా పాడుకుంటుంటే, ఆయన అరవై ఏళ్లుగా వేదికల మీద ఇతరుల పాటలు (‘కవర్లు’) అందుకుంటూనే ఉన్నారు.

● 2016లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న డిలన్ తొలి ఆల్బమ్‌లో ఆయన రాసినవి ఎన్నో తెలుసా? రెండే! 1962లో వచ్చిన ఆ రికార్డులో మొత్తం 13 పాటలు. మిగతావన్నీ జానపదాలు, బ్లూస్, భక్తి గీతాల బాపతు.

● వాటిలో ఒకటి ‘హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్’. పాట పాతదే కానీ, ఆ వరస మిత్రుడు డేవ్ వాన్ రాంక్‌ది. ఆయన రికార్డు చేసేలోపే డిలన్ చేసేశారు. దాంతో వాన్ రాంక్ ఎక్కడ పాడినా ‘డిలన్‌ని కాపీ కొట్టారు’ అనడం మొదలైంది. విసిగి ఆయన మానేశారు. 1964లో బ్రిటిష్ బృందం యానిమల్స్ అదే పాటతో హిట్ కొట్టింది. ఈసారి కాపీ నింద డిలన్ మీద పడింది. ఆయనా మానేశారు! ఈ ముచ్చట నవ్వుతూ చెప్పుకొచ్చింది వాన్ రాంకే.

● 2002లో గాయకుడు వారెన్ జివాన్‌కు నయంకాని క్యాన్సర్ అని తెలిసింది. ఆ ఏడాది చివరి టూర్‌లో డిలన్ ‘మ్యూటినీర్’తో పాటు ఆయన పాటలు పదేపదే పాడారు. వేదిక మీద పెద్దగా మాట్లాడని మనిషి పరామర్శ అలాగే ఉంటుంది మరి. జివాన్ తన ఆఖరి ఆల్బమ్‌లో డిలన్ పాట ‘నాకింగ్ ఆన్ హెవెన్స్ డోర్’ పాడి, 2003 సెప్టెంబరులో కన్నుమూశారు.

● అదే టూర్‌లో, 2002 నవంబరు 13న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో డిలన్ ‘సమ్‌థింగ్’ ఎత్తుకున్నారు. అది అంతకు ఏడాది క్రితం మరణించిన బీటిల్స్ గాయకుడు జార్జ్ హారిసన్ రాసిన పాట. 1971 ఆగస్టు 1న సితార్ విద్వాంసుడు రవిశంకర్, హారిసన్ బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీలు చేసిందీ, మిత్రుడు హారిసన్ మాట మీద డిలన్ వచ్చి పాడిందీ ఆ గార్డెన్‌లోనే.

● 2023లో 82 ఏళ్ల వయసులో డిలన్‌కు కొత్త సరదా పుట్టింది. ఏ ఊరు వెళ్తే ఆ ఊరి పాట! సెయింట్ లూయిస్‌లో అక్కడే పుట్టిన చక్ బెర్రీ పాట, ఇండియానాపొలిస్‌లో ఇండియానా బిడ్డ జాన్ మెలెన్‌క్యాంప్ పాట, మాంట్రియల్‌లో ఆ ఊరి కవి గాయకుడు లెనార్డ్ కోహెన్ పాట. కాన్సస్ సిటీలోనైతే ఆ ఊరి పేరే పల్లవిగా ఉన్న పాట.

● ‘ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్’ డిలన్ 1967లో చేసిన సొంత పాట. మరుసటి ఏడాదే గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ ఎలక్ట్రిక్ గిటార్‌తో దాని రూపమే మార్చేశారు. 1970లో హెండ్రిక్స్ పోయాక, డిలన్ కచేరీల్లో ఆ పాట హెండ్రిక్స్ ధోరణిలోనే మోగుతూ వచ్చింది. అది పాడినప్పుడల్లా హెండ్రిక్స్‌కు నివాళి ఇస్తున్నట్టే ఉంటుందని డిలనే చెప్పారు. వేదికల మీద ఆయన అన్నిటికంటే ఎక్కువగా, 2,000 సార్లకు పైగా పాడింది ఈ పాటనే. అంటే డిలన్ అందరికంటే ఎక్కువ ‘కవర్’ చేసింది డిలన్‌నే!