నావికుల పరపతి సంఘంలో చేరాలంటే...
అమెరికాలో సైనిక కుటుంబాలకే సభ్యత్వం; కార్డుకు మరో పరీక్ష

విశాఖపట్నంలో ‘నేవీ’ అన్న మాట తెలియని ఇల్లు ఉండదు. అమెరికాలో అదే మాటను పేరులో పెట్టుకున్న ఒక పరపతి సంఘం ఉంది. దాని పేరు నేవీ ఫెడరల్ క్రెడిట్ యూనియన్. సభ్యుల సంఖ్యలోనూ, ఆస్తుల్లోనూ ప్రపంచంలోని పరపతి సంఘాలన్నిటిలో ఇదే పెద్దది. పిల్లలు అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు మన జిల్లాలోనూ తక్కువేమీ కాదు. గ్రీన్ కార్డు ఉన్నవారు పౌరసత్వం రాకముందే అక్కడి సైన్యంలో చేరవచ్చు. అలా చేరిన తెలుగు యువకుల తల్లిదండ్రులకు, తోబుట్టువులకు కూడా ఈ సంఘం తలుపు తెరుచుకుంటుంది. అందుచేత ఎవరు అర్హులు, ఎవరు కారు అన్నది తెలుసుకోవడం అవసరం.

ఏడుగురితో ఆరంభం

1933లో అమెరికా తీవ్రమైన ఆర్థిక మాంద్యంలో ఉంది. బ్యాంకులు వరుసగా మూతబడుతున్నాయి. చిరుద్యోగికి అప్పు పుట్టడం గగనమైంది. ఆ ఏడాది జనవరిలో వాషింగ్టన్ లోని నౌకాదళ శాఖలో పనిచేసే ఏడుగురు ఉద్యోగులు తమలో తాము పొదుపు చేసుకుని, తమలో తామే అప్పులిచ్చుకునేందుకు ఒక సంఘం పెట్టుకున్నారు. మన పల్లెల్లోని సహకార పరపతి సంఘాల సూత్రమే అది. 1954లో నౌకాదళ అధికారులనూ చేర్చుకుని నేవీ ఫెడరల్ అని పేరు మార్చుకుంది. 2008లో పదాతి దళం, వైమానిక దళం వారికీ, 2013లో తీరరక్షక దళం వారికీ తలుపు తీసింది. నేడు సభ్యులు 1 కోటి 40 లక్షలు పైబడ్డారు. ప్రధాన కార్యాలయం వర్జీనియా రాష్ట్రంలోని వియన్నాలో ఉంది.

ఇది బ్యాంకు కాదన్న సంగతి ముందుగా గమనించాలి. బ్యాంకుకు వాటాదారులు వేరు, ఖాతాదారులు వేరు. ఇక్కడ ఖాతా తెరిచిన ప్రతివాడూ యజమానే. మిగులు లాభం తక్కువ వడ్డీ రూపంలోనో, డిపాజిట్లపై ఎక్కువ రాబడి రూపంలోనో సభ్యులకే చేరుతుంది. డిపాజిట్లకు ప్రభుత్వ సంస్థ పూచీతో రెండున్నర లక్షల డాలర్ల వరకు బీమా ఉంది.

ఎవరు అర్హులు?

సైన్యంలోని ఏ విభాగంలోనైనా పనిచేస్తున్నవారు, రిజర్వు దళాల వారు, నేషనల్ గార్డు వారు, పదవీ విరమణ చేసిన వారు, మాజీ సైనికులు నేరుగా అర్హులు. రక్షణ శాఖలోని సివిల్ ఉద్యోగులు కూడా అర్హులే. ప్రభుత్వ రక్షణ స్థావరాల్లో పని అప్పగించబడిన కాంట్రాక్టు ఉద్యోగులకూ అవకాశం ఉంది. మన సాఫ్ట్ వేర్ యువకుల్లో కొందరికి ఈ చివరి నియమం వర్తించవచ్చు.

తరువాత కుటుంబ సభ్యులు. తల్లిదండ్రులు, తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మలు, భార్య లేక భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు, మనుమలు ఈ లెక్కలోకి వస్తారు. దత్తు పిల్లలకూ, సవతి పిల్లలకూ భేదం లేదు. ఒకే ఇంట్లో కలిసి ఉండేవారికి కూడా అవకాశం ఉంది.

మనవాళ్ళు తికమకపడే చోటు ఇక్కడే. పిన్ని కొడుకును మనం తమ్ముడనే అంటాం. పెదనాన్న కూతురు మనకు అక్కే. అక్కడి నిబంధనల్లో తోబుట్టువు అంటే తోడబుట్టినవాడే. బాబాయి, మేనమామ, మేనల్లుడు అన్న వరసలు సభ్యత్వానికి చాలవు. దరఖాస్తులో ‘బ్రదర్’ అని రాసి తరువాత చిక్కుల్లో పడటం కంటే ముందే తెలుసుకోవడం మేలు. ఆర్థిక సంస్థకు తెలిసి తప్పుడు వివరాలివ్వడం అక్కడ నేరం కిందికి వస్తుంది.

చేరే విధానం కష్టమైనది కాదు. సోషల్ సెక్యూరిటీ నంబరు, ప్రభుత్వ గుర్తింపు కార్డు, ఇంటి చిరునామా కావాలి. మాజీ సైనికులైతే ‘డీడీ 214’ అనే విడుదల పత్రం రుజువుగా పనికివస్తుంది. బంధుత్వంతో చేరేవారు తమ సైనిక బంధువు వివరాలు ఇవ్వాలి. పొదుపు ఖాతాలో 5 డాలర్లు వేస్తే సభ్యత్వం వచ్చినట్టే. ఒకసారి చేరినవారు ఉద్యోగం మానినా, ఊరు మారినా సభ్యులుగానే కొనసాగుతారు.

సాన్ ఆంటోనియోలోని యు.ఎస్.ఎ.ఎ. అనే సంస్థ కూడా సైనికుల కోసమే ఉంది. కార్ల బీమా దొరకక 25 మంది సైనికాధికారులు 1922లో దాన్ని స్థాపించారు. బ్యాంకు వ్యాపారం 1983లో మొదలైంది. అయితే అక్కడ తలుపు కాస్త ఇరుకు. సైనికుడి భార్యాపిల్లలకు వీలుంది గాని, కొడుకు సైన్యంలో ఉన్నంత మాత్రాన తల్లిదండ్రులకు సభ్యత్వం రాదు.

సభ్యత్వం వేరు, కార్డు వేరు

సంఘంలో చేరగానే క్రెడిట్ కార్డు చేతికి వస్తుందనుకోవడం పొరపాటు. సభ్యత్వానికి సైన్యంతో సంబంధం చూస్తారు. కార్డుకు రాబడి, పాత బాకీలు, చెల్లింపుల చరిత్ర చూస్తారు. ఈ చరిత్రను అక్కడ 300 నుంచి 850 వరకు మార్కులుగా లెక్క కడతారు. అమెరికాలో అడుగుపెట్టిన కొత్తలో మనవారికి ఈ మార్కులే ఉండవు. స్వదేశంలో ఎంత నిజాయితీగా బాకీలు తీర్చినా ఆ లెక్క సాధారణంగా అక్కడికి చేరదు.

అట్టివారికి పూచీ కార్డు ఒక మార్గం. కనీసం 200 డాలర్లు డిపాజిట్ చేస్తే దాని మేరకు కార్డు ఇస్తారు. నెలనెలా గడువులోగా బాకీ తీరుస్తూ వస్తే చరిత్ర ఏర్పడుతుంది. తరువాత సంఘం సమీక్షించి, సంతృప్తి కలిగితే డిపాజిట్ తిరిగి ఇచ్చి మామూలు కార్డు మంజూరు చేస్తుంది. ఒకేసారి నాలుగైదు చోట్ల కార్డులకు దరఖాస్తు పెట్టడం మంచిది కాదు. ప్రతి దరఖాస్తూ చరిత్రలో నమోదై మార్కులను కొంత తగ్గిస్తుంది.

వడ్డీకి కళ్ళెం

ఫెడరల్ పరపతి సంఘాలు సాధారణ అప్పులపై ఏటా 18 శాతానికి మించి వడ్డీ వసూలు చేయరాదన్న పరిమితి 1987 నుంచి అమలులో ఉంది. బ్యాంకుల కార్డులకు ఇట్టి పరిమితి లేదు. వెయ్యి డాలర్ల బాకీ ఏడాది పొడవునా అలాగే ఉంటే 18 శాతం చొప్పున 180 డాలర్లు వడ్డీ అవుతుంది.

సైనికుల అప్పుల గురించి అక్కడి ప్రభుత్వం ఇంత పట్టించుకోవడానికి కారణం ఉంది. సైనిక స్థావరాల గేట్ల ఎదుట జీతం రోజు వరకు అప్పులిచ్చే దుకాణాలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. 100 డాలర్లకు రెండు వారాలకు 15 డాలర్లు పుచ్చుకుంటే ఏడాదికి 390 శాతం వడ్డీ అన్నమాట. అప్పుల్లో కూరుకుపోయినవాడిని శత్రువు లోబరచుకోవచ్చునన్న భయంతో రహస్య విధుల అనుమతికి అప్పుల లెక్క కూడా చూస్తారు. అంటే అప్పు మితిమీరితే ఉద్యోగానికే ఎసరు. దీంతో 2006లో చట్టం చేసి, ఉద్యోగంలో ఉన్న సైనికులకూ, వారిపై ఆధారపడినవారికీ ఇచ్చే అప్పులపై అన్ని ఖర్చులూ కలిపి 36 శాతం మించరాదన్నారు. 2017 అక్టోబరు నుంచి క్రెడిట్ కార్డులనూ ఇందులో చేర్చారు. సైన్యంలో చేరకముందు చేసిన బాకీలపై సర్వీసు కాలంలో 6 శాతం మించి వడ్డీ వేయరాదన్న చట్టం వేరే ఉంది. సైనికుడు రాతపూర్వకంగా కోరి, ఉత్తర్వుల ప్రతి పంపాలి.

అంతా తీపే కాదు

సభ్యుల సొంత సంస్థ అయినంత మాత్రాన వసూళ్ళలో మెతకదనం ఉంటుందనుకోరాదు. బాకీపడిన సభ్యులను పై అధికారులకు చెబుతామంటూ, దావా వేస్తామంటూ తప్పుగా బెదిరించిందని వినియోగదారుల రక్షణ సంస్థ 2016లో నేవీ ఫెడరల్ పై చర్య తీసుకుంది. 2 కోట్ల 30 లక్షల డాలర్లు బాధితులకు ఇవ్వాలనీ, 55 లక్షల డాలర్లు జరిమానా కట్టాలనీ ఆదేశించింది. సంఘం ఎవరిదైనా, సంతకం పెట్టేముందు కాగితం చదవక తప్పదు.

మన దేశంలో సైనికులకని విడిగా ఇట్టి సంస్థ లేదు. స్టేట్ బ్యాంకు మొదలైనవి సైనిక దళాలతో ఒప్పందాలు చేసుకుని, వారి జీతాల ఖాతాలకు బీమా వంటి సదుపాయాలు కల్పిస్తున్నాయి. జీతం ఏ తరహా ఖాతాలో పడుతున్నదో, దానికి ఏయే హక్కులున్నాయో బ్యాంకులో అడిగి తెలుసుకోవడం సైనిక కుటుంబాలకు శ్రేయస్కరం. అమెరికాలో బిడ్డ సైన్యంలో ఉంటే నేవీ ఫెడరల్ సభ్యత్వం 5 డాలర్ల పని. కార్డు మాత్రం బాకీ తీర్చగలిగినంత మేరకే వాడుకోవాలి. బంధుత్వం సభ్యత్వం ఇప్పిస్తుంది గాని, గడువు తేదీ నాటికి బాకీ తీర్చవలసినది కార్డు పుచ్చుకున్నవాడే.